గ్లౌజుల రిజిస్టరులో కాసులమ్మ వేలిముద్ర

రొయ్యల షెడ్డులో ఎనిమిదేళ్ళు పనిచేసిన ఒక ఆడమనిషికి కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. పోవడానికి కారణం ఆమె మురికి అలవాట్లేనని కంపెనీ కాగితం మీద రాసింది. 1982 నవంబరు 19వ తేదీ, కంపెనీ ముద్ర, కంపెనీ డాక్టరు సంతకం, దాని కింద మేనేజరు పొడి సంతకం, అన్నీ సక్రమంగా ఉన్నాయి. రాసిన మాట మాత్రం అబద్ధం. అబద్ధమని రాసిన రోజునే రాసినవారికి తెలుసు.

ఆ మనిషి పేరు గనగళ్ళ కాసులమ్మ. విశాఖపట్నం జాలారిపేట ఆమె ఊరు. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. రాయవలసిన చోట్లకు నాలుగుసార్లు రిజిస్టరు పోస్టులో రాసి పంపడం జరిగింది. అందినట్టు సంతకాలు పెట్టిన రసీదులు నాలుగూ ఉన్నాయి. జవాబు ఒక్కటీ లేదు.

కాసులమ్మ పుట్టిన తేదీ ఎవరూ రాసిపెట్టలేదు. యుద్ధకాలంలో రేవు మీద బాంబులు పడ్డ ఏడాది ఆమె తల్లి నెలలు నిండి ఉందని పేటలో చెప్పుకుంటారు. మొగుడు తాతబాబు తెప్ప మీద వేటకు పోయేవాడు. అతను తెచ్చిన చేపలు గంపకెత్తుకుని ఆమె పట్నం వీధులు తిరిగి అమ్మేది. మరపడవలు వచ్చాక తెప్పకు దొరికేది తగ్గింది. దొరికిన నాలుగు మంచి రొయ్యలూ గంపలోకి రాకుండా ఐసు పెట్టెల్లోకి పోవడం మొదలుపెట్టాయి. గంప తేలికయ్యేసరికి 1974లో ఆమె కూడా ఆ పెట్టెల వెంబడే పోయి హార్బరు పక్కన ఉన్న షెడ్డులో రొయ్యలు ఒలిచే పనిలో చేరింది.

మురికి అన్న మాట ఆమె మీద ఎలా అతికిందో తెలుసుకోవాలంటే ఆమె ఇల్లు చూడాలి. పేటలో ఆమెకు శుభ్రం పిచ్చి అని పేరు. పని నుంచి రాగానే చింతపండుతో చేతులు తోముకుని, తలమీంచి నీళ్ళు పోసుకుంటే తప్ప గడప దాటేది కాదు. బూడిదతో తోమిన గిన్నెల్ని ఎండలో బోర్లించి, ఎండ సరిగా తగలలేదని మళ్ళీ తోమేది. పక్కింటి గంగాలమ్మ నలుగురిలో ఎగతాళి చేసేది.

"మా కాసులప్ప ఇంటికెల్తే కాళ్ళొకటే కాదర్రా, నీడ కూడా కడుక్కుని ఎల్లాల."

"నీ నీడ కడగడానికి మా నుయ్యి సాలదులే," అనేది కాసులమ్మ.

అలాంటి మనిషి రోజుకు తొమ్మిది గంటలు ఎక్కడ నిలబడేదో కూడా చూడాలి. షెడ్డులో పొడుగాటి సిమెంటు బల్ల. దానికి రెండు పక్కలా నలభై మంది ఆడవాళ్ళు, భుజానికి భుజం తగిలేటట్టు. బల్ల మీద ఐసులో రొయ్యల కుప్పలు. తల తుంచాలి, పొట్టు తీయాలి, వీపు మీది నల్ల నరం లాగాలి, ఐసునీళ్ళలో పడెయ్యాలి. రొయ్య తల మీద రంపం లాంటి ముల్లు ఉంటుంది. ఎంత నేర్పరికైనా రోజుకు నాలుగైదు సార్లు దిగుతుంది. మధ్యాహ్నానికి వేళ్ళు తెల్లగా నాని, ఉడికిన తెలగపిండిలా మెత్తబడతాయి. గంటగంటకూ చేతులు బ్లీచింగు నీళ్ళ తొట్టిలో ముంచాలని గోడమీద రాసి ఉంది. ఆ నీళ్ళు పొద్దున పోసినవే సాయంత్రం దాకా ఉంటాయి. మధ్యలో వాసన వస్తే నీళ్ళు మార్చరు, బ్లీచింగు పొడి మరో డబ్బా కుమ్మరిస్తారు. నానిన చర్మం ఆ ఘాటుకు పగిలి, పగిలిన చోట మళ్ళీ ముల్లు దిగుతుంది.

రబ్బరు గ్లౌజులు లేవా అంటే ఉన్నాయి. సరుకు కొనే దేశాల తరఫువాళ్ళు చూడడానికి వచ్చే రోజున సూపర్‌వైజరు గురునాథరావు బీరువా తీసి ఒక్కొక్కరికీ ఒక జత ఇచ్చేవాడు. వచ్చినవాళ్ళ కారు గేటు దాటగానే లెక్కపెట్టి లోపల పెట్టి తాళం వేసేవాడు.

అందుచేత ఆడవాళ్ళు తమ దారి తాము చూసుకున్నారు. ఆ దారి చూపింది కాసులమ్మే. తాతబాబు పాత సైకిలు ట్యూబును ముక్కలుగా కోసి, వల కుట్టే నైలాను దారంతో వేలికి సరిపడా బిగించి కుట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యవేలికీ తొడుక్కుని వచ్చింది. పక్కన నిలబడే నూకాలు, వరసకు కోడలు కాబట్టి, నోరు ఊరుకోలేదు.

"మొగుడికి ఏనాడూ కుట్టినట్టు లేదు గానీ, ఏలికి సొక్కా కుట్టీసేవేటత్తా."

"మొగుడికైతే ఊళ్ళో దర్జీలున్నారే. ఏలికెవుడున్నాడు?"

వారం తిరక్కుండా బల్ల చుట్టూ అందరి వేళ్ళకీ నల్ల తొడుగులు వచ్చాయి. ముళ్ళు దిగడం తగ్గింది. గురునాథరావు చూశాడు. ఇతను పద్మనాభం వైపు రైతు కుటుంబంలో పుట్టి, రోజూ బస్సులో పట్నం వచ్చి పనిచేసి పోయే మనిషి. చేతి పని కష్టం తెలియనివాడు కాదు. కానీ గేటు దగ్గర తనిఖీ అతని బాధ్యత. సాయంత్రం ఒక్కొక్క ఆడమనిషినీ నిలబెట్టి, కొంగు దులిపించి, ముడి విప్పించి మరీ బయటకు వదిలేవాడు. తొడుగు చేతిలోకి తీసుకుని లోపలికి చూశాడు.

"ఇందులో రెండు టైగరు రొయ్యలు దూరిసి ఎల్లిపోతే ఎవుడే జవాబు సెప్పాల? ఈటిని గేటు దాటించడానికి ఈల్లేదు. లోపలే ఒగ్గీసి ఎల్లండి."

"ఏలంత గొట్టంలో రొయ్యెలగ పడతాది బాబూ? మీరోసారి దూర్చి సూపించండి, నేర్సుకుంటాం," అంది నూకాలు. బల్ల అంతా నవ్వింది. ఆ నవ్వు అతను మరిచిపోలేదు.

మరునాటి నుంచి తొడుగులన్నీ ఒకే ప్లాస్టిక్ తొట్టిలో పడెయ్యాలని ఉత్తర్వు. ఒక ముక్కకూ మరో ముక్కకూ గుర్తు లేదు. పొద్దున్నే ఎవరి చేతికి ఏది దొరికితే అది, వేలికి పట్టిందా లేదా అన్నదే చూపు. రాత్రంతా అవి రొయ్యల ఐసు కరిగిన ఉప్పునీళ్ళలో నానుతూ ఉండేవి.

ఇక్కడ కాసులమ్మ ఒక పొరపాటు చేసింది. దాన్ని దాచవలసిన పని లేదు, ఆమే దాచలేదు. తొట్టిలో ఉప్పు మరో దోసెడు వేయించింది ఆమే. సముద్రం మీద బతికిన మనుషులకు ఉప్పునీళ్ళ మీద నమ్మకం పుట్టుకతో వస్తుంది. తెప్ప మీద చెయ్యి కోసుకుంటే సముద్రంలో ముంచుతారు, చేపకు ఉప్పు పట్టిస్తే ఏడాది నిలుస్తుంది. ఉప్పులో ఏదీ కుళ్ళదని ఆమె తండ్రి నమ్మాడు, తాత నమ్మాడు. ఆ తొట్టిలో ఉన్నవి సముద్రపు నీళ్ళు కావని, నలభై మంది వేళ్ళ కడుగు అని, పుండు రసి పడితే ఆ పాటి ఉప్పు దాన్ని చంపలేదని ఆమెకు చెప్పగలిగిన చదువు షెడ్డులో ఒక్కరికే ఉంది. వారానికోసారి, గురువారం వచ్చే కంపెనీ డాక్టరుకు. ఆయన తొట్టి దాకా ఏనాడూ నడవలేదు.

1982 సెప్టెంబరు చివర నూకాలు మధ్యవేలి కణుపు మీద సెగగడ్డ లేచింది. పగిలి చీము కారుతోంది. ఒకరోజు మానేస్తే బల్ల దగ్గర చోటు మరొకరికి ఇచ్చేస్తారు. గుడ్డపేలిక చుట్టి, దానిమీద తొడుగు తొడిగి నూకాలు రొయ్యలు ఒలిచింది. సాయంత్రం ఆ తొడుగు తొట్టిలో పడింది. ఆ వారమంతా అలాగే పడింది.

అక్టోబరు 4, సోమవారం. కాసులమ్మ మధ్యవేలికి తొడుగు లేకుండానే పని మొదలుపెట్టింది. తొట్టిలో సరిపడేది దొరకలేదు. గంటలోనే ముల్లు లోతుగా దిగింది. రక్తం నొక్కి, తొట్టిలో మళ్ళీ వెతికి, బిగుతుగా పట్టిన తొడుగొకటి దాని మీద లాక్కుంది. మంగళవారం సాయంత్రానికి వేలు ఎర్రగా, వేడిగా ఉబ్బింది. బుధవారం పొద్దునకు వాపు అరచేతిలోకి పాకింది. ఆమె చెయ్యెత్తి గురునాథరావుకు చూపింది.

"ఐసు దెబ్బే. అందరికీ ఉంటాది. శనివారం కంటైనరు ఎల్లాల, తెలుసు కదా."

"బాబూ, సెయ్యి మండిపోతంది. ఆ సివర రొయ్యలు సైజులేరే కాడ నిలబడతాను. ఎడం సేత్తో ఏరుతాను."

"నువ్వక్కడికెల్తే ఇక్కడెవుడు ఒలుస్తాడు?"

గురువారం డాక్టరు వచ్చాడు. బల్లకు అటువైపు నిలబడి, జేబులో చేతులు తీయకుండా అడిగాడు, "గోళ్ళు తీస్తావా? స్నానం చేస్తావా?"

కాసులమ్మ చుట్టూ ఉన్నవాళ్ళు తల దించుకున్నారు. ఆమె దించలేదు.

"రెండు పూట్లా సేత్తాను బాబూ. తమరో?"

ఆయన తెల్లబిళ్ళలు నాలుగు రాసి ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆ చీటీ ఉంది. జ్వరం ఎంతో అందులో లేదు, చెయ్యి ఏదో కూడా లేదు. ఆ సాయంత్రం కాసులమ్మ చెయ్యిని సముద్రంలో మోచేతిదాకా ముంచి కూర్చుంది. చల్లగా ఉన్నంతసేపు హాయిగా ఉంది. శుక్రవారం మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రటి గీత లేచింది, చంకలో బిళ్ళ కట్టింది. గాజులు రాలేదు, పగలగొట్టారు. శనివారం కంటైనరు తలుపు మూసే వేళకు ఆమె బల్ల మీదికి ఒరిగిపోయింది. తాతబాబు, నూకాలు రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. చేర్చుకున్న చీటీ మీద తేదీ అక్టోబరు 9, సాయంత్రం అయిదూ పది.

రెండుసార్లు కోశారు. చర్మం కింద కొవ్వు, కండ కుళ్ళి బూడిదరంగు తిరిగాయి. మధ్యవేలు, ఉంగరపువేలు తీసేశారు. పెన్సిలిన్ సూదులు పడ్డాయి, చెయ్యి దక్కింది. వార్డులో గౌరీశ్వరి అనే పిల్లడాక్టరు, ఇంకా చదువు పూర్తి కాని అమ్మాయి, రోజూ కట్టు మార్చేది. షెడ్డు సంగతి, తొడుగుల సంగతి, ఉప్పు సంగతి అడిగి అడిగి తెలుసుకుంది.

"క్రిములు నీ చేతి మీదా ఉంటాయి, నా చేతి మీదా ఉంటాయమ్మా. ముక్కులో కూడా ఉంటాయి. చర్మం గట్టిగా ఉన్నంతకాలం అవి బయటే పడి ఉంటాయి. రోజంతా నీళ్ళలో నానితే చర్మం మెత్తబడుతుంది, బ్లీచింగుకు పగులుతుంది, ముల్లు దిగితే తలుపు తీసినట్టే. ఆ పైన గాలి తగలకుండా రబ్బరు బిగించావు. అందులో ఇంకొకరి చీము ఉంది."

"అయితే తప్పు నాదేనా అమ్మా?"

"ఒక్కొక్కరి తొడుగు ఒక్కొక్కరు ఇంటికి తీసుకుపోయి కడుక్కోనిస్తే ఇది నీదాకా వచ్చేది కాదు. మొదటి రోజే పని ఆపి మందు పడితే వేళ్ళు మిగిలేవి." కట్టు ముడి వేస్తూ చెప్పింది, "నీకు సుగరు కూడా ఉంది. ఎన్నాళ్ళ నుంచో తెలీదు. అది ఉన్నవాళ్ళలో ఇవి త్వరగా ముదురుతాయి. అలాగని సుగరు ముల్లు గుచ్చదు."

"పంచదార కొనుక్కునే పాటి కొంపైతే కదమ్మా సుగరొచ్చేది," అంది కాసులమ్మ. గౌరీశ్వరి నవ్వి, అది అలా రాదని ఓపిగ్గా చెప్పి, విడుదల చీటీలో కారణాలన్నీ స్పష్టంగా రాసి ఇచ్చింది. ఆ చీటీ తేదీ నవంబరు 16.

నాలుగో రోజున కాసులమ్మ ఆ చీటీ పట్టుకుని షెడ్డుకు వెళ్ళింది. ఆమె అడిగింది ఒక్కటే, సైజులేరే పని. రొయ్యల్ని పెద్దవి ఒక పక్కకు, చిన్నవి ఒక పక్కకు నెట్టడానికి మూడు వేళ్ళు చాలు. గురునాథరావు ఆమెకు కాగితం చదివి వినిపించాడు. వ్యక్తిగత అపరిశుభ్రత వల్ల, సొంత వ్యాధి వల్ల, కంపెనీ ఇచ్చిన రక్షణ సామగ్రి వాడని నిర్లక్ష్యం వల్ల ఆమెకు చర్మవ్యాధి కలిగింది. ఆహారపదార్థాలు తాకే పనికి ఆమె తగదు. అదే వారం నూకాలునూ తీసేశారు. షెడ్డు గోడ మీద కొత్త నోటీసు అంటించారు: శుభ్రత లేనివారికి ఇక్కడ పని లేదు.

పేటలో ఆ మాట నడిచింది. గంగాలమ్మ కూడా ఎగతాళి మానేసింది, ఆమె చేతి మంచినీళ్ళ గ్లాసు అందుకోవడానికి ఒక్క క్షణం తటపటాయించింది. కాసులమ్మకు వేళ్ళు పోయిన నొప్పి కన్నా ఆ క్షణం ఎక్కువ నొప్పి పెట్టింది. ఆ రోజు మొగుడితో అంది:

"ఏలు పోతే పోయింది. ఆ రాత మట్టుకు ఉండకూడదు. రేపు ఏ షెడ్డుకెల్లినా ఆ రాతే నా ముందు ఎల్తాది."

కార్మికులు పట్టుబట్టగా 1983 జనవరి 21న కంపెనీ తన సొంత విచారణ సంఘాన్ని కూర్చోబెట్టింది. మేడమీద గది, ఫ్యాను, మూడు కుర్చీలు. కాసులమ్మ నిలబడే ఉంది, పక్కన తాతబాబు ప్లాస్టిక్ సంచిలో కాగితాలు పట్టుకుని. గురునాథరావు గ్లౌజుల రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టి, పేజీ తిప్పి వేలితో చూపించాడు.

"ఇదిగోండి. రబ్బరు గ్లౌజులు ఒక జత, పుచ్చుకున్నట్టు కాసులమ్మ కుడి బొటనవేలి ముద్ర. ఇచ్చినా తొడుక్కోలేదండి."

"ఏ రోజని ఉంది బాబూ?" అంది కాసులమ్మ.

"1982 అక్టోబరు 12."

తాతబాబు సంచిలో వెతికి విడుదల చీటీ తీసి అధ్యక్షుడి ముందు పెట్టాడు. అక్టోబరు 9న చేరిక. 10న మొదటి కోత. 13న రెండో కోత. 12వ తేదీన ఆ కుడిచెయ్యి మోచేతిదాకా కట్టులో ఉంది. కాసులమ్మ మిగిలిన మూడు వేళ్ళ చెయ్యిని బల్ల అంచున ఆనించింది.

"ఈ సెయ్యి మంచం మీదుంటే, ఆ ఏలు ఇక్కడికొచ్చి ముద్దరేసెల్లిందా బాబూ?"

గురునాథరావు రిజిస్టరు మూయబోయాడు. తాతబాబు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండు బాబూ. రాసుకోనీ."

అధ్యక్షుడు రాసుకున్నాడు. అతను రాసిన నిర్ణయం ఫిబ్రవరి 14న వచ్చింది. రిజిస్టరులో తేదీ గుమాస్తా పొరపాటు కావచ్చునట. అంతమాత్రాన డాక్టరు అభిప్రాయాన్ని మార్చవలసిన అవసరం కనిపించలేదట. ఆ ముద్ర ఎవరి వేలిదో పోల్చి చూడమని అడిగితే, రిజిస్టరు తడిసి పాడైపోయిందని జవాబు. తడవకముందు తీసిన నకలు ఒకటి తాతబాబు సంచిలో భద్రంగా ఉంది.

కాసులమ్మ ఇప్పుడు మళ్ళీ గంప ఎత్తుతోంది. ఎడమచేత్తో తూస్తుంది. మరో రెండు షెడ్లలో అడిగింది. రెండింటిలోనూ ఆమె పేరు వినగానే తల అడ్డంగా తిప్పారు. ఆమె ఊహించినట్టే ఆ రాత ఆమె కన్నా ముందు నడుస్తోంది. ఇది 1984. ఆ బల్ల చుట్టూ నేటికీ నలభై మంది ఉన్నారు, గ్లౌజులు బీరువాలోనే ఉన్నాయి. తొడుగులు నిషేధించారు కాబట్టి ఆ వేళ్ళకు ఇప్పుడు అదీ లేదు.

కంపెనీ యజమానులారా, నవంబరు 19 నాటి కాగితంలోని ఆ మూడు కారణాలను కొట్టివేసి, పనిలో తగిలిన గాయం అని మీ ముద్రతోనే రాసి ఇవ్వండి. డాక్టరు గారూ, మీరు ముట్టుకోని చెయ్యి గురించి మీరు పెట్టిన సంతకాన్ని వెనక్కి తీసుకోండి. విచారణ చేసిన పెద్దమనుషులారా, ఆసుపత్రి మంచం మీద ఉన్న మనిషి వేలిముద్ర మీ రిజిస్టరులోకి ఎవరు దించారో పేరు పెట్టి చెప్పండి. గురునాథరావూ, బీరువా తాళం తెరిచి, ఆ నలభై జతలూ ఈ రోజే ఆ చేతులకు ఇవ్వు. కాసులమ్మనూ నూకాలునూ సైజులేరే బల్ల దగ్గరికి పిలవండి. పిలుస్తున్నామని కాగితం మీద రాసి, తేదీ వేసి పంపండి.